విభక్తి లేని అంకె: ఆరోగ్య పరిశోధనలో హెచ్చుతగ్గుల కొలత



ఇది ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణారావు గారి స్మృతిలో జరుగుతున్న సభ. సి.ఆర్.రావుగా ప్రపంచం ఎరిగిన ఈ మహనీయుడు 1920లో, నాటి బళ్లారి జిల్లా హడగళిలో, ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామల్లో బడి చదువు సాగింది. విశాఖపట్నంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. పూర్తిచేశారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లినవారు అక్కడ మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థను చూశారు. ఆ తరువాత దాదాపు నాలుగు దశాబ్దాలు అదే ఆయన ఇల్లయింది.

1945లో, పాతికేళ్లు నిండుతున్న వయసులో, కలకత్తా గణిత సమాజం పత్రికలో ఆయన ఒక వ్యాసం ప్రచురించారు. చేతిలో ఉన్న సమాచారం ఇంత అయినప్పుడు, దాని నుంచి పక్షపాతం లేకుండా కట్టే ఏ అంచనా కూడా ఒక హద్దును దాటి కచ్చితం కాలేదని ఆ వ్యాసం నిరూపించింది. ఎంత తెలివైన సూత్రం వాడినా, ఎంత శక్తిమంతమైన యంత్రం తెచ్చినా ఆ హద్దు కదలదు. క్రామర్-రావు హద్దుగా అది శాస్త్రంలో నిలిచిపోయింది. 78 ఏళ్ల తరువాత, 2023లో, గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమతి ఆయన్ను వరించినప్పుడు ప్రధానంగా స్మరించింది ఆ వ్యాసాన్నే. అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఆ గణితపు లోతుల్లోకి నేను దిగబోవడం లేదు. నా పని అంతా పల్లెల్లో, సర్వేల్లో, ఆరోగ్య కేంద్రాల రిజిస్టర్ల మధ్య గడిచింది. కానీ ఆయన వ్యాసం వెనుక ఉన్న మందలింపు నన్ను జీవితమంతా వెన్నంటి ఉంది. నీకు తెలిసినంత మేరకే చెప్పు, ఎంత మేరకు తెలుసో అది కూడా చెప్పు అన్నదే ఆ మందలింపు. ఈ సాయంత్రం దాన్ని మన నిత్యజీవితపు రెండు క్రియాపదాలకు అన్వయించాలని నా ప్రయత్నం. ఆ రెండు పదాలు పెరిగింది, తగ్గింది.

పత్రిక తెరిస్తే మధుమేహం పెరిగింది. మాతృ మరణాలు తగ్గాయి. ఫలానా మాత్ర గుండెపోటును మూడో వంతు తగ్గిస్తుంది. ఫలానా ఆహారం క్యాన్సర్ ముప్పును పద్దెనిమిది శాతం పెంచుతుంది. ఒక ప్రభుత్వం నిలబడటానికి, ఒక మందు అమ్ముడవటానికి, ఒక తల్లి రాత్రంతా నిద్రలేకుండా గడపటానికి ఈ రెండు మాటలే చాలు. ఇంత బరువు మోసే మాటలను మనం ఎంత జాగ్రత్తగా వాడుతున్నాం?

చిన్నప్పుడు బడిలో మనమంతా విభక్తులు వల్లె వేశాం. విభక్తి ప్రత్యయం లేకపోతే నామవాచకం వాక్యంలో ఒంటరిగా నిలబడుతుంది. మిగతా మాటలతో దానికి ఉన్న సంబంధం తెలియదు. అంకె కూడా అటువంటిదేనని నా ప్రతిపాదన. 'యాభై శాతం పెరిగింది' అన్నది విభక్తి లేని వాక్యం. అది పూర్తి కావాలంటే నాలుగు ప్రశ్నలకు జవాబు ఉండాలి. ఎవరిలో? దేనికంటే? దేనితో కొలిచారు? దేనివలన? ఈ నాలుగింటినీ ఒక్కొక్కటిగా సంపాదించుకోవడానికి శాస్త్రానికి మూడున్నర శతాబ్దాలు పట్టింది. వాటిని పారేసుకోవడానికి ఒక్క శీర్షిక సరిపోతుంది.

ఎవరిలో?

1662లో లండన్‌లో జాన్ గ్రాంట్ అనే బట్టల వర్తకుడు, ఆ నగరంలో వారం వారం వెలువడే మరణాల చిట్టాలను ఏళ్ల తరబడి పోగుచేసి ఒక చిన్న పుస్తకం రాశాడు. చిట్టాలు అంతకుముందూ ఉన్నాయి. ప్లేగు వచ్చిందా, ఊరు విడిచి వెళ్లాలా అని తెలుసుకోవడానికి సంపన్నులు వాటిని కొనుక్కునేవారు. గ్రాంట్ వాటిలో అడిగిన ప్రశ్న వేరు. ఇంతమంది చనిపోయారు సరే, ఎంతమందిలో? జనన మరణాల లెక్కలను ఆసరా చేసుకుని లండన్ జనాభాను అంచనా కట్టడానికి పూనుకున్నాడు. లవం కింద హారం ఉండాలని ఆరోగ్య శాస్త్రం నేర్చుకున్న తొలి ఘడియల్లో అదొకటి.

రెండు వందల ఏళ్ల తరువాత అదే నగరంలో, 1854 కలరా సమయంలో, డాక్టర్ జాన్ స్నో ఆ పాఠాన్ని ఇంటింటికీ తీసుకెళ్లాడు. దక్షిణ లండన్‌కు రెండు కంపెనీలు నీళ్లు సరఫరా చేసేవి. ఒకటి నగరపు మురుగు కలిసిన చోట థేమ్స్ నీటిని తోడేది. మరొకటి తన తోడే చోటును నదిలో ఎగువకు మార్చుకుంది. మొదటి కంపెనీ ఇళ్లలో 1,263 మంది, రెండో కంపెనీ ఇళ్లలో 98 మంది కలరాతో పోయారు. ఎవరైనా ఇక్కడే ఆగి తీర్పు చెప్పేవారు. స్నో ఆగలేదు. మొదటి కంపెనీకి 40,046 ఇళ్లు, రెండో దానికి 26,107 ఇళ్లు అని లెక్క తీశాడు. పదివేల ఇళ్లకు 315 మరణాలు ఒకచోట, 37 మరొకచోట. ఇళ్ల సంఖ్య చేరిన తరువాతే ఆ మరణాలు సాక్ష్యమయ్యాయి. కలరా సూక్ష్మజీవి రోగకారణమని లోకం ఒప్పుకోవడానికి దశాబ్దాల ముందే, భాగహారంతో ఒక వైద్యుడు నీటిని దోషిగా నిలబెట్టాడు.

మన దేశానికి వద్దాం. మన జనన మరణాలన్నీ రిజిస్టరుకు ఎక్కని కాలంలో, కొన్ని గ్రామాలను, వార్డులను ఎంచుకుని అక్కడి ప్రతి పుట్టుకనూ ప్రతి చావునూ నిరంతరం నమోదుచేసే నమూనా నమోదు వ్యవస్థ 1960ల్లో మొదలైంది. మాతృ మరణాల గురించి మనకు తెలిసినది చాలావరకు దాని చలవే. లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు 2004-06లో 254 ఉండగా 2018-20 నాటికి 97కు దిగాయి. ఇది నిజమైన తగ్గుదల. ఆసుపత్రి కాన్పులు, రక్తనిధులు, 108 వాహనాలు, ఆశా కార్యకర్తల కాళ్ల నొప్పులు అందులో ఉన్నాయి.

ఆ 2018-20 లెక్కల్లోనే తెలంగాణకు 43, ఆంధ్రప్రదేశ్‌కు 45 అని ఉంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన కనబడగానే ఒక రాష్ట్రం మరొకదాన్ని ఓడించిందని చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడే రావు గారిని తలచుకోవాలి. ప్రసూతిలో తల్లి మరణం, అదృష్టవశాత్తు, అరుదైన ఘటన. నమూనా గ్రామాల్లో అవి ఎంత తక్కువగా కనబడతాయంటే, ఏడాది లెక్క నిలకడగా ఉండదని మూడేళ్లవి కలిపి చూస్తారు. అప్పుడు కూడా ఒక రాష్ట్రపు అంచనా చుట్టూ ఉండే సందిగ్ధపు వెడల్పు ముందు ఆ రెండంకెల తేడా ఏమీ కాదు. 43కూ 45కూ మధ్య గెలుపోటములు లేవు. 254కూ 97కూ మధ్య లక్షలాది ఇళ్ల చరిత్ర ఉంది. ఏ తేడా మాట్లాడుతుందో, ఏ తేడా మౌనంగా ఉండాలో తెలియజేయడమే గణాంకశాస్త్రం మనకు చేసిన మేలు.

దేనికంటే?

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, ఒక దోమ కడుపు గోడలో రొనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం నేటికీ ఉంది. ఆ రోజు మొదలైన జ్ఞానం అర్ధశతాబ్దం తరువాత జాతీయ కార్యక్రమంగా రూపుదిద్దుకుంది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మలేరియా కేసులు, 8 లక్షల మరణాలు ఉండేవని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. డీడీటీ పిచికారీతో 1965 నాటికి కేసులు లక్షకు పడిపోయాయి. తరువాత దోమ మందుకు అలవాటుపడింది, నిధులు సన్నగిల్లాయి, యంత్రాంగం అలసిపోయింది. 1976లో కేసులు 64 లక్షలు.

ఇప్పుడు చెప్పండి, 1976లో మలేరియా పెరిగిందా, తగ్గిందా? 1965తో పోలిస్తే 64 రెట్లయింది. స్వాతంత్ర్యం నాటి అంచనాతో పోలిస్తే 90 శాతానికి పైగా తగ్గింది. రెండూ సరైన లెక్కలే. మొదటిది చెప్పినవారు కార్యక్రమం కుప్పకూలిందంటారు. రెండోది చెప్పినవారు ఘనవిజయమంటారు. అంకె ఎవరికీ అబద్ధం చెప్పలేదు. పోలికకు ఏ ఏడాదిని పీట వేసి కూర్చోబెట్టామన్నదే తీర్పును నిర్ణయించింది. అందుకే తొలి ఏడాదిని ఎంచుకున్నవారు, ఎందుకు దాన్నే ఎంచుకున్నారో కూడా చెప్పాలి.

పోలికలో మరో మెలిక ఉంది. మార్పును రెండు రకాలుగా చెప్పవచ్చు. ఉన్నదాంట్లో ఎన్నో వంతు మారిందన్నది ఒకటి, దాన్ని సాపేక్ష మార్పు అంటాం. ఎంతమందికి తేడా పడిందన్నది రెండోది, దాన్ని నిరపేక్ష మార్పు అంటాం. మొదటిది వంతుల లెక్క. రెండోది మనుషుల లెక్క.

1995 అక్టోబరులో బ్రిటన్ ఔషధ భద్రతా సంఘం ఒక హెచ్చరిక జారీచేసింది. కొన్ని కొత్త తరం గర్భనిరోధక మాత్రలు సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పును రెట్టింపు చేస్తున్నాయని దాని సారం. వార్త దేశమంతా పాకింది. వేలాది స్త్రీలు భయంతో మాత్రలు ఆపేశారు. అసలు సంగతి ఏమిటంటే, పాత మాత్రలు వాడే ఏడు వేల మందిలో ఏడాదికి ఒకరికి వచ్చే ఆపద కొత్త మాత్రలతో ఇద్దరికి వస్తోంది. వంతుల లెక్కలో నూరు శాతం పెరుగుదల. మనుషుల లెక్కలో ఏడు వేల మందికి మరొక్కరు. గర్భం ధరిస్తే రక్తం గడ్డకట్టే ముప్పు ఈ రెండింటికంటే ఎక్కువ. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో గర్భస్రావాలు సుమారు 13 వేలు అదనంగా జరిగాయని అంచనా వేశారు. హెచ్చరిక తప్పు కాదు. స్త్రీలకు ఆ మొదటి అంకె, ఏడు వేలలో ఒకరు అన్నది, అందలేదు. 'రెట్టింపు' అన్న మాట ఒంటరిగా అందింది.

మేలు చెప్పేటప్పుడూ ఇదే జరుగుతుంది. 1995లోనే స్కాట్లండ్ పశ్చిమ ప్రాంతంలో, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న 6,595 మంది పురుషుల మీద ఒక స్టాటిన్ మందు పరీక్ష ఫలితాలు వచ్చాయి. దాదాపు ఐదేళ్లలో గుండెపోటు, గుండెజబ్బు మరణం కలిపి మందు వాడనివారిలో 7.9 శాతం మందికి, వాడినవారిలో 5.5 శాతం మందికి సంభవించాయి. దాన్ని 31 శాతం తగ్గుదల అనవచ్చు. నూటికి ఇద్దరు ముగ్గురికి మేలు అనవచ్చు. సుమారు 42 మంది ఐదేళ్లు వాడితే ఒకరికి ఆపద తప్పుతుందని కూడా అనవచ్చు. ఒకే ఫలితాన్ని వేర్వేరుగా చెబితే వైద్యుల నిర్ణయాలే మారిపోతున్నాయని 1990ల మొదట్లోనే అధ్యయనాలు చూపాయి. వైద్యులే అలా కదిలిపోతే, ఎదుట బెంచీ మీద కూర్చున్న రోగి మాటేమిటి?

అలాగని నిరపేక్ష అంకె చిన్నదైతే ప్రయోజనం చిన్నదని తేల్చేయకూడదు. 1954లో అమెరికాలో సాక్ పోలియో టీకాను పరీక్షించినప్పుడు దాదాపు రెండేసి లక్షల పిల్లలతో రెండు బృందాలు చేశారు. టీకా అందినవారిలో లక్షకు 28 కేసులు, ఉత్తి సూది పడినవారిలో లక్షకు 71. లక్షకు 43 మంది తేడా. ఒక్కో తల్లికి అది దూరంగా కనిపించే అంకె. కోట్ల పిల్లలున్న దేశానికి అది వేలాది పిల్లల నడక. వ్యక్తి తన నిర్ణయానికి ఒక అంకెను, సమాజం తన నిర్ణయానికి మరో అంకెను కోరుతుంది. ఇద్దరికీ రెండు అంకెలూ ఇవ్వాలి. ఏది చెబితే తనకు లాభమో దాన్ని మాత్రమే చెప్పడం, మేలును వంతుల్లో చెప్పి కీడును మనుషుల్లో చెప్పడం, విజ్ఞానం చేయదగిన పని కాదు.

దేనితో?

ఈ ప్రశ్న దగ్గర నా సొంత జ్ఞాపకం ఒకటి చెప్పుకోవాలి. చదువు ముగించిన కొత్తలో మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లెలో రక్తహీనత సర్వేకు వెళ్లాను. వేలి కొనకు సూది గుచ్చి, ఇరవై మైక్రోలీటర్ల రక్తాన్ని సన్నని గాజు గొట్టంలోకి తీసి, ఫిల్టర్ కాగితం మీద వదిలి ఆరబెట్టాలి. రక్తం సరిగా రాని ఒక గర్భిణి వేలిని నేను గట్టిగా పిండుతున్నాను. పక్కనే ఉన్న ఏఎన్ఎం, మా అమ్మ వయసున్నావిడ, నా చేయి పట్టుకుని ఆపింది. "పిండకు బాబూ, నీళ్లొస్తాయి. ఆ పిల్లకు లేని జబ్బు నువ్వు రాస్తావు" అంది. వేలిని పిండితే కణజాలంలోని ద్రవం రక్తంలో కలిసి అది పలచబడుతుంది, హిమోగ్లోబిన్ ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది. ఆ సంగతి పుస్తకంలో నేను చదివాను. నా వేళ్లకు నేర్పింది మాత్రం ఆవిడే.

ఈ చిన్న సంఘటన వెనుక ఒక జాతీయ సమస్య ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత 2015-16లో 53.1 శాతం, 2019-21లో 57 శాతం. ఐదేళ్ల లోపు పిల్లల్లో 58.6 నుంచి 67.1 శాతానికి చేరింది. ఇక్కడ ముందు ఒక మాట సరిదిద్దుకోవాలి. స్త్రీలలో పెరుగుదల 3.9 శాతం అని చాలాచోట్ల రాశారు. అది 3.9 శాతం పాయింట్లు. 53.1 మీద లెక్క కడితే పెరుగుదల 7 శాతానికి పైనే. శాతానికీ శాతం పాయింటుకూ ఉన్న తేడాను మన తెలుగు పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఇప్పటికైనా ఖాయం చేయాలి.

ఇక అసలు ప్రశ్న. ఈ సర్వేలు వేలి కొన నుంచి తీసిన రక్తపు చుక్కను చేతిలో పట్టే యంత్రంతో పరీక్షించాయి. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే, సిర నుంచి రక్తం తీసి ప్రయోగశాలలో పరీక్షించింది. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతమని తేలింది. వయసుల పరిధి కొద్దిగా వేరైనా, దాదాపు ఒకే కాలంలో, ఒకే దేశపు పిల్లల్లో ఇంత అంతరం ఉంది. ఈ అంతరంపై వివాదం రేగిన తరువాతే రక్తహీనత కొలతను సిర రక్తంతో జరిగే వేరే సర్వేకు మార్చాలని నిర్ణయించారు. ఆ బాధ్యత మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు వచ్చింది. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి పరిశోధనగా పుట్టి 1958లో హైదరాబాద్ చేరిన సంస్థ అది.

మన పిల్లల్లో రక్తహీనత లేదని ఎవరూ అనుకోవద్దు. 41 శాతం కూడా ఒక జాతి తలవంచుకోవలసిన అంకె. నేను చెప్పేది, పెరిగింది అని అనాలంటే కొలబద్ద మారకుండా ఉండాలి. కొలబద్ద మార్చవలసి వస్తే, పాతదాన్నీ కొత్తదాన్నీ కొంతకాలం పక్కపక్కన వాడి తేడా ఎంతో రాసిపెట్టాలి. అంగన్‌వాడీలో తూకపు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకోకుండా బిడ్డను వేలాడదీస్తే, ఆ నెల బిడ్డ చిక్కిందో, త్రాసు తప్పిందో ఎవరు చెప్పగలరు?

కన్ను కూడా ఒక కొలబద్దే. 1999లో దక్షిణ కొరియా క్యాన్సర్ ముందస్తు పరీక్షల జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. థైరాయిడ్ పరీక్ష అందులో లేకపోయినా, ఆసుపత్రులు తక్కువ ఖర్చుకు మెడకు అల్ట్రాసౌండ్ చేయడం మొదలుపెట్టాయి. 1993తో పోలిస్తే 2011లో థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవారి రేటు మాత్రం దాదాపు కదలలేదు. మనిషితో పాటు నిశ్శబ్దంగా జీవించి, ఏ హానీ చేయకుండా పోయే చిన్న గడ్డలను యంత్రం వెలికితీసింది. వేలాది మందికి గ్రంథిని తొలగించారు, వారు జీవితాంతం మాత్రలు వేసుకోవలసి వచ్చింది. 2014లో వైద్యులు గొంతెత్తిన తరువాత పరీక్షలు తగ్గాయి, వాటితో పాటు ఆ 'మహమ్మారీ' తగ్గింది. పెరిగింది రోగం కాదు, చూపు. దీనికి తిరగేసిన రూపం మన మలేరియాలో ఉంది. రక్తపు స్లైడులు తక్కువ తీస్తే కేసులు తక్కువ కనబడతాయి. అందుకే మలేరియా విభాగం ప్రతి ఏటా వందమందికి ఎన్ని స్లైడులు తీశారో ముందు రాస్తుంది. వెతకని చోట దొరకలేదని చెప్పడం కొలత అనిపించుకోదు.

దేనివలన?

నాలుగో ప్రశ్న అన్నింటికంటే కఠినం. మందు ఇచ్చాం, జ్వరం తగ్గింది. మందువలన తగ్గిందా, తగ్గే జ్వరమే తగ్గిందా?

1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తునూ పిల్లల ఎత్తునూ పోల్చి, చాలా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటున వారికంటే కొంత పొట్టిగా ఉంటారని గమనించాడు. పొట్టివారి పిల్లలు వారికంటే కొంత పొడవు. కొసన ఉన్న కొలత రెండోసారికి సగటు వైపు మరలుతుంది. రక్తపోటు చాలా ఎక్కువగా ఉన్నవారినే ఏరి, నెల తరువాత మళ్లీ చూస్తే, ఏమీ చేయకపోయినా చాలామందిలో కొంత తగ్గి కనబడుతుంది. నొప్పి భరించలేని రోజునే మనిషి వైద్యుడి దగ్గరకు వెళతాడు. ఆ మరుసటి రోజులు సహజంగానే మెరుగ్గా ఉంటాయి. ఈ తగ్గుదలను తమ ఖాతాలో వేసుకున్న కషాయాలు, తాయెత్తులు, మాత్రలు ఎన్నో.

అందుకే కంట్రోల్ గ్రూపు. ఈ చికిత్స లేకపోతే ఏమయ్యేదో చూపే అద్దం అది. 1947లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షించినప్పుడు, రోగులను ఎవరి ఇష్టంతోనూ నిమిత్తం లేకుండా యాదృచ్ఛికంగా రెండు బృందాలుగా విడదీశారు. ఆరు నెలల్లో మందు అందిన 55 మందిలో నలుగురు, విశ్రాంతి మాత్రమే అందిన 52 మందిలో 14 మంది మరణించారు. ఆ రెండో బృందం లేకపోతే మొదటి అంకెకు అర్థం లేదు.

ఈ చరిత్రలో మన నేలకూ చోటుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో వెలసిన క్షయ శానిటోరియం, 1950ల్లోనే చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ టీకా వేసినవారినీ వేయనివారినీ ఏళ్ల తరబడి వెంబడించి పోల్చింది. తరువాత 1968లో మద్రాసు సమీపంలోని చెంగల్పట్టులో దాదాపు 2.6 లక్షల మందితో మరింత పెద్ద బీసీజీ పరీక్ష మొదలైంది. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపడం లేదన్న చేదు ఫలితం దశాబ్దం తరువాత తేలింది. పసిపిల్లలకు మెదడు పొరల క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి బీసీజీ రక్షణ ఇస్తుంది, అందుకే నేటికీ వేస్తున్నాం. కానీ పోలిక బృందం లేకుండా ఆ టీకా వేసుకుంటూ పోయి ఉంటే, తిండి, ఇల్లు, మందులు మెరుగై క్షయ తగ్గిన ప్రతిచోటా ఆ ఘనతను టీకాకు కట్టబెట్టేవాళ్లం. నచ్చని ఫలితాన్ని దాచకుండా ప్రకటించిన ఆ పరిశోధకులకు మనం రుణపడి ఉన్నాం.

మొదటి అంకె బాధ్యత

ఈ నాలుగు ప్రశ్నలూ శాస్త్రవేత్తల ఇంటి వ్యవహారం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో కొబ్బరి తోటల మధ్య బతికే రైతులు, కూలీలు దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధితో కుంగిపోతున్నారు. అక్కడి వ్యాధికి ఒకే కారణమని శాస్త్రం ఇంకా తేల్చలేదు. ఆ తేల్చలేకపోవడంలో ఒక పాలు ఈ లోపానిది. వ్యాధి ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంగా పెరిగింది అని చెప్పడానికి నలభై యాభై ఏళ్ల కిందటి కొలత ఏదీ ఆ ఊళ్లలో లేదు. మొదటి అంకె లేని చోట కారణాన్ని వెతకడం చీకట్లో సూదిని వెతకడమే.

ఈ లోపం ఒక్క ఉద్దానానిదే కాదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో, కారణాన్ని వైద్యులు ధ్రువీకరించినవి నాలుగో వంతుకు కూడా చేరలేదు. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. దాంతో ప్రతి ఆరోగ్య రేటు కిందా 2011 జనాభా నుంచి అంచనా వేసిన హారమే కొనసాగింది. పెద్ద ఆసుపత్రులు కట్టినప్పుడు రిబ్బను కత్తిరించేవారు ఉంటారు. మరణ రిజిస్టరు సరిగ్గా రాసిన పంచాయతీ కార్యదర్శికి చప్పట్లు ఉండవు. అయినా రేపటి తరం మనల్ని అడిగే ప్రశ్నకు జవాబు ఆ రిజిస్టరులోనే ఉంటుంది.

పరిశోధక విద్యార్థులారా, మీ పత్రాల్లో శాతం రాసిన ప్రతిచోటా ఎంత నుంచి ఎంతకో రాయండి. నూటికో, వెయ్యికో, లక్షకో రాయండి. అంచనా చుట్టూ ఉన్న సందిగ్ధాన్ని సిగ్గుపడకుండా రాయండి. వైద్యులారా, రోగి ముందు మేలునూ కీడునూ ఒకే కొలతలో చెప్పండి. పాత్రికేయ మిత్రులారా, 'రెట్టింపు' అన్న మాట శీర్షికలోకి ఎక్కేముందు మొదటి అంకెను వెతకండి. దొరకకపోతే ఆ వార్తను ఆపండి. ఆ మొదటి అంకె రోగి సొత్తు. అది అతని దగ్గరకు చేరకుండా మధ్యలో ఎవరు అట్టేపెట్టుకున్నా, అతని నిర్ణయాన్ని వారు లాక్కున్నట్టే.

రావు గారు తన గణితంతో నిరూపించిన హద్దును మరోసారి తలచుకుందాం. సమాచారంలో లేనిదాన్ని అంచనాలోకి తెచ్చుకోవడం ఏ మేధావికీ సాధ్యం కాదు. సాధ్యమైనట్టు చూపితే, అది ఆ పల్లెలో నేను వేలిని పిండి తీసిన చుక్క లాంటిది. నిండుగానే కనబడుతుంది, కానీ అందులో నీళ్లున్నాయి. ఆ రోజు నా చేయి పట్టుకుని ఆపిన ఏఎన్ఎం ఎన్నడూ క్రామర్-రావు హద్దు పేరు విని ఉండదు. దాని ధర్మాన్ని మాత్రం ఆమె పాటించింది. రెండో వేలికి సూది గుచ్చి, ఒత్తిడి లేకుండా, చుక్క తనంత తాను ఊరే దాకా ఓపిగ్గా నిలబడింది. ఆ పూట ఆ గర్భిణి పేరు ఎదుట రాసిన అంకె ఆమెది. నాది కాదు.